గానుగ షాపు అవిసె నూనె: షుగర్, కీళ్ల వాతం ఉన్న ఇంటి నుంచి ఒక రివ్యూ

ముందే చెప్పేస్తాను. పల్లి నూనె, నువ్వుల నూనె కోసమైతే ఈ షాపుకి నిశ్చింతగా వెళ్లొచ్చు. అవిసె గింజలు కూడా శుభ్రంగా ఉన్నాయి, కొనండి. అవిసె నూనె సీసా మాత్రం నేను మళ్లీ కొనను, మిమ్మల్నీ కొనమని చెప్పను. దానికి కారణం ధర ఒక్కటే కాదు. ఆ నూనె తీసే పద్ధతి ఒకటి, అమ్మేటప్పుడు చెప్పే మాటలు ఇంకొకటి. ఇంట్లో షుగరో, గుండె జబ్బో, కీళ్ల వాతమో ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఆ మాటలు చెప్పేది మనలాంటి ఇళ్లవాళ్లకే.

షాపు పేరు రాయడం లేదు. హనుమకొండలో ఉంది, అంతవరకు చాలు. ఈమధ్య వరంగల్, హనుమకొండ, కాజీపేట ఎటు వెళ్లినా కట్టె గానుగ బోర్డులు కనిపిస్తున్నాయి, కరీంనగర్ వెళ్లినా అంతే, గోడల మీద రాసే మాటలు కూడా దాదాపు ఒకటే. కాబట్టి మీ ఇంటి దగ్గరున్న గానుగకైనా ఇందులో చాలా విషయాలు పనికొస్తాయి.

నేను వెళ్లింది మా అమ్మ కోసం. అమ్మకి షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. దాని మీద రుమటాయిడ్ ఆర్థరైటిస్, మనవైపు కీళ్ల వాతం అంటారు కదా, అది. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంది. లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష చేయించిన ప్రతిసారీ ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువే. షుగర్ గోలీలు రోజూ, కీళ్ల వాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి, దానికి తోడు ఫోలిక్ యాసిడ్. ఇన్ని గోలీలు చూసి విసిగిపోయిన మనిషికి ఎవరైనా "నూనె తాగితే చాలు" అంటే ఎంత ఆశ పుడుతుందో ఆ మొహం చూసిన నాకు తెలుసు. అందుకే ఈ విషయంలో నేను కొంచెం గట్టిగానే రాస్తున్నాను.

ముందు షాపులో బాగున్న సంగతులు. లోపలికి అడుగు పెట్టగానే పల్లీల వాసన కమ్మగా తగులుతుంది, మాడిన వాసన కాదు. మోటారుతో తిరిగే కట్టె గానుగల్లో ఒకదాంట్లో పల్లీలు, ఇంకోదాంట్లో నువ్వులు. రోకలి చాలా నెమ్మదిగా తిరుగుతుంది, తిరిగే కొద్దీ పిండి గట్టిపడి అంచులకు ఎక్కి చెక్క కడుతుంది, నూనె కింద గిన్నెలోకి సన్నటి ధారగా దిగుతుంది. వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు. ఆ నూనెను స్టీలు డ్రమ్ముల్లో మడ్డి అడుక్కి పేరుకునేదాకా కదిలించకుండా ఉంచి, పైన తేరినదాన్ని గుడ్డతో వడకట్టి సీసాల్లో పోస్తున్నారు. పల్లీలు ఎనుమాముల మార్కెట్లో తానే చూసి కొంటానని యజమాని చెప్పాడు. మనమే పల్లీలో నువ్వులో తీసుకెళ్తే కళ్ల ముందే ఆడించి ఇస్తారు, చెక్క కూడా మనకే ఇచ్చేస్తారు, బర్రెలున్న వాళ్లకు అది పెద్ద లాభం. ఈ నువ్వుల నూనెతో పచ్చడి పోపు వేస్తే ఇల్లంతా తెలుస్తుంది. ఈ రెండిటి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇక గోడ మీద బోర్డు. "అవిసె నూనె, ఒమేగా 3 నిధి" అని పెద్దగా రాసి, దాని కింద షుగర్, బీపీ, థైరాయిడ్, కీళ్ల నొప్పులు, గుండె బ్లాకులు అని వరసగా జబ్బుల పేర్లు. కౌంటర్ దగ్గరున్న అన్న అమ్మ చేతి వేళ్లు చూసి వెంటనే అందుకున్నాడు: "పెద్దమ్మా, రోజు పొద్దుగాల పరిగడుపున రెండు చెంచాలు తాగుండ్రి. మూడు నెలలల్ల నొప్పులు తక్కువైతయి, గోలీలు మీరే బందు వెడ్తరు."

ఇక్కడే నాకు భయం వేసింది. ఆ బోర్డు మొత్తం అబద్ధమైతే కొట్టిపారేయడం సులువు. కానీ అందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజాన్ని పట్టుకునే మిగతా సగం కూడా నమ్మిస్తారు. అందుకని ఆ నిజం ఎంతవరకో రాస్తాను.

ఒంటికి కావలసిన కొవ్వుల్లో చాలావరకు ఒళ్లే తయారు చేసుకుంటుంది. రెండింటిని మాత్రం చేసుకోలేదు, తిండిలోంచి రావాల్సిందే. ఒకటి లినోలీక్ ఆమ్లం, ఇది ఒమేగా 6 కుటుంబం. రెండోది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, ఇది ఒమేగా 3. అందుకే వీటిని అత్యవసర కొవ్వు ఆమ్లాలు అంటారు. 1929-30ల్లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకు కొవ్వు అసలే లేని తిండి పెట్టి చూశారు. వాటి చర్మం పొలుసులు లేచింది, తోకలు పాడయ్యాయి, ఎదుగుదల ఆగిపోయింది, చివరికి చనిపోయాయి. లినోలీక్ ఆమ్లం పెట్టినవి కోలుకున్నాయి. కొవ్వంటే ఒంటికి బలం ఇచ్చే కేలరీలు మాత్రమే అనుకుంటున్న రోజుల్లో అది పెద్ద విషయం.

ఈ కొవ్వులు ఒంట్లో ప్రతి కణం పొరలోకీ వెళ్లి కూర్చుంటాయి. అవసరమైనప్పుడు ఒళ్లు వాటిని బయటికి తీసి వాపునూ నొప్పినీ నడిపించే పదార్థాలుగా మారుస్తుంది. ఒమేగా 6 వైపు నుంచి అరాకిడోనిక్ ఆమ్లం, దాన్నుంచి ప్రోస్టాగ్లాండిన్లు. ఆస్పిరిన్ లాంటి నొప్పి గోలీలు అడ్డుకునేది ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే, ఈ సంగతులు కనిపెట్టిన బెర్గ్‌స్ట్రోమ్, శామ్యూల్సన్, వేన్ అనే ముగ్గురికి 1982లో నోబెల్ వచ్చింది. ఒమేగా 3 వైపు అసలు పని చేసేవి ఈపీఏ, డీహెచ్‌ఏ అనే రెండు కొవ్వులు. ఈపీఏ కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే ఎంజైము దగ్గరికే పోయి అరాకిడోనిక్ ఆమ్లంతో పోటీ పడుతుంది, దాన్నుంచి పుట్టే పదార్థాలు వాపును అంతగా పెంచవు. కీళ్ల వాతానికి ఒమేగా 3 అనే మాట ఊరికే పుట్టలేదు, ఇదీ దాని ఆధారం.

కానీ ఈపీఏ, డీహెచ్‌ఏ ఉండేది చేపల్లో, సముద్రపు నాచులో. అవిసెలో ఉండేది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. దాన్ని మన ఒళ్లు ఈపీఏగా మార్చుకోగలదు గానీ మార్చుకునేది చాలా తక్కువ, డీహెచ్‌ఏ దాకా వెళ్లేది ఇంకా తక్కువ. కీళ్ల నొప్పుల మీద జరిగిన పరీక్షల్లో ఎక్కువ భాగం చేప నూనెతో చేసినవి, అవిసె నూనెతో కాదు. చేప నూనెకి వచ్చిన ఫలితాన్ని తెచ్చి అవిసె సీసా మీద అంటించి అమ్ముతున్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

అలాగని అవిసెలు పనికిరావని కాదు. మన వంటింటి సంగతి చూడండి. పల్లి నూనెలో ఒమేగా 6 మూడో వంతు దాకా ఉంటుంది, ఒమేగా 3 లేనట్టే. నువ్వుల నూనెలో ఒమేగా 6 నలభై శాతం పైన, ఒమేగా 3 ఒక శాతం కూడా ఉండదు. సన్‌ఫ్లవర్ మామూలుగా అరవై శాతం దాకా ఒమేగా 6, కుసుమ నూనె అంతకన్నా ఎక్కువ. సోయా నూనెలో కాస్త ఒమేగా 3 ఉంది, ఆవ నూనెలో పది శాతం దాకా ఉంటుంది గానీ ఆ ఘాటు మన ఇళ్లలో ఎవరూ తినరు. అంటే సకినాలు చేసినా సర్వపిండి చేసినా మనకు ఒమేగా 6 కొదవ లేదు, ఒమేగా 3 మాత్రం పెద్దగా ఎక్కడినుంచీ రాదు. ఒమేగా 6 విషం అని కొందరు వీడియోల్లో చెప్తున్నారు, అదీ తప్పే, డాల్డా, పామాయిల్ లాంటి గట్టి కొవ్వు తగ్గించి ఆ స్థానంలో ఇలాంటి నూనె వాడితే చెడు కొలెస్ట్రాల్ తగ్గుతుంది. లోటు ఉన్నది ఒమేగా 3 వైపు, ఆ లోటు పూడ్చడానికి శాకాహారంలో అవిసెని మించిన చవక వస్తువు లేదు. అవిసె నూనెలో సగం పైన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే.

మరి సీసా ఎందుకు వద్దంటున్నానంటే, ఇక్కడ షాపు పొరపాటు చాలా ఉంది. అవిసె నూనె ఆ కట్టె గానుగల్లో తీయడం లేదు. వెనక గదిలో చిన్న స్టీలు మిషన్ ఉంది, మర తిరిగి గింజను నొక్కే రకం. అడిగి లోపలికి వెళ్లి చూశాను. నూనె బయటికి వచ్చే గొట్టం మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి. ముందు గదిలో కట్టె గానుగ చూపించి, వెనక గదిలో వేడి మిషన్‌లో తీసి, సీసా మీద "కట్టె గానుగ" అనే లేబుల్ వేస్తున్నారు. పల్లి నూనెకి కాస్త వేడి తగిలినా కొంప మునగదు. అవిసె నూనె అలా కాదు, గాలి, వెలుతురు, వేడి ఈ మూడూ దానికి శత్రువులే. క్రికెట్ బ్యాట్‌కి రాసే లిన్సీడ్ ఆయిల్ ఈ గింజదే, పెయింట్లలో తరతరాలుగా వాడింది కూడా దీన్నే, ఎందుకంటే గాలి తగిలితే ఆక్సిజన్ పట్టుకుని గట్టిపడే గుణం దానికి ఉంది. ఒమేగా 3 ఎక్కువ ఉండటం వల్లే ఆ గుణం. అలాంటి నూనెను తెల్లటి ప్లాస్టిక్ సీసాల్లో పోసి, రోడ్డు వైపు అద్దాల అరలో, ఎండ పడే చోట వరసగా పెట్టారు. సీసా మీద ఎప్పుడు తీశారో తేదీ లేదు.

ఇంటికి తెచ్చి మూత తీస్తే కొత్తగా పెయింట్ వేసిన గది వాసన లాంటిది సన్నగా వచ్చింది. నాలుక మీద వేసుకుంటే చేదు. తాజా అవిసె నూనెకి గింజ వాసన, లేత బాదం రుచి లాంటిది ఉంటుంది, గొంతు దిగాక ఇంత చేదు నిలబడదు. చెడిన నూనె రోజూ తాగడం ఏ రోగానికీ మంచిది కాదు. ఇంకో సంగతి, ఆ అన్న "కూరల్లో కూడా వేసుకోవచ్చు" అన్నాడు. వేసుకోకండి. పల్లి నూనె కాగే వేడికి చాలా ముందే దీనికి పొగ వస్తుంది. వాడాలంటే నల్లటి గాజు సీసాలో, తీసిన తేదీ ఉన్నది, ఫ్రిజ్‌లో పెట్టి, చల్లారిన అన్నంలోనో మజ్జిగలోనో ఒక చెంచా.

గింజ తెచ్చుకుంటే ఈ బాధలేవీ ఉండవు. నేను వెళ్లినప్పుడు పావు లీటరు అవిసె నూనె 300 రూపాయలు, పావు కిలో గింజలు 50 కూడా కాలేదు. గింజ లోపల ఉన్నంతకాలం ఆ కొవ్వు భద్రంగా ఉంటుంది. పైగా నూనెలో రాని పీచు గింజలో ఉంది, వంద గ్రాములకు పాతిక గ్రాముల పైనే, షుగర్ ఉన్నవాళ్లకు అది అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది. గింజను గింజగానే మింగితే చాలావరకు అరగకుండా బయటికి పోతుంది, పొడి చేసుకోవాలి. ఒక పెద్ద చెంచా పొడి, అంటే 7 గ్రాములు, తింటే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఒకటిన్నర గ్రాము పైన వస్తుంది. ఆడవాళ్లకు రోజుకు 1.1 గ్రాములు, మగవాళ్లకు 1.6 గ్రాములు చాలని అమెరికా వైద్య సంస్థ లెక్క. అంటే ఒక్క చెంచాతో రోజు గడిచిపోతుంది, రెండు చెంచాల నూనె పరగడుపున తాగాల్సిన పని లేదు.

మా ఇంట్లో చేసేది అవిసె కారం. గింజలు సన్న మంట మీద దోరగా వేయించాలి, చిటపటమని ఎగరడం మొదలవగానే దించెయ్యాలి, ఒక్క నిమిషం ఎక్కువైనా చేదు ఎక్కుతుంది. విడిగా వేయించిన ఎండు మిరపకాయలు, జీలకర్ర, కాస్త చింతపండు, ఉప్పు, చివర్లో పచ్చి ఎల్లిపాయ రెబ్బలు. మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్ద అవుతుంది. కొంచెం కొంచెంగానే చేసి గాజు సీసాలో పెట్టుకోండి. అమ్మ జొన్నరొట్టెతో తింటుంది, ఎవరూ బతిమాలాల్సిన అవసరం లేదు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించి చేసుకోండి.

బీపీ అంటే గుర్తొచ్చింది. కెనడాలో కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయిన 110 మంది మీద ఒక పరీక్ష చేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. కొందరికి రోజుకు 30 గ్రాముల అవిసె పిండి బన్నుల్లో, బ్రెడ్డులో కలిపి ఆరు నెలలు పెట్టారు. మామూలు తిండి తిన్నవాళ్లతో పోలిస్తే వాళ్ల పై బీపీ పది పాయింట్ల దాకా తక్కువగా ఉంది. వాళ్లు కూడా వాడింది పొడి, నూనె కాదు. వాళ్లలో ఎక్కువమంది బీపీ గోలీలు వాడుతూనే ఉన్నారు. ఒక జాగ్రత్త: ఆ పీచు జిగురులాంటిది, గోలీలతో పాటే తింటే మందు ఒంటికి పట్టడం ఆలస్యం కావచ్చు, గంటో రెండు గంటలో ఎడం ఉంచండి, నీళ్లు బాగా తాగండి. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టకండి.

ఇప్పుడు కీళ్ల వాతం. చేప నూనెతో చేసిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, ఈపీఏ, డీహెచ్‌ఏ రెండూ కలిపి రోజుకు మూడు గ్రాముల దగ్గర్లో, కనీసం మూడు నెలలు వాడితే నొప్పి, పొద్దుటి పూట బిగుతు కొంత తగ్గుతాయి, నొప్పి గోలీల అవసరం తగ్గుతుంది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో కీళ్ల వాతం కొత్తగా మొదలైన వాళ్లకు మెథోట్రెక్సేట్‌తో కలిపి మూడు మందులు ఇస్తూ, వాటితో పాటు కొందరికి రోజుకు 5.5 గ్రాముల ఒమేగా 3 ఇచ్చారు, మందులు పనిచేయకుండా పోవడం వాళ్లలో తక్కువగా కనిపించింది. మందులతో పాటు అన్నది దయచేసి రెండుసార్లు చదవండి. కీలు లోపల ఎముక అరిగిపోకుండా కాపాడేది మెథోట్రెక్సేట్ లాంటి మందు. నొప్పి తగ్గింది కదా అని దాన్ని ఆపేస్తే జబ్బు లోపల నడుస్తూనే ఉంటుంది, వేళ్లు వంకర పోయాక వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.

ఆ మూడు గ్రాముల లెక్క మెడికల్ షాపులో బోల్తా కొడుతుంది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "1000 మిల్లీగ్రాముల ఫిష్ ఆయిల్" అని ఉంటుంది. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చూడండి: మామూలు రకంలో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120. రెండూ కలిపితే 300 మిల్లీగ్రాములే, మిగతా 700 వేరే కొవ్వు. ఆ లెక్కన మూడు గ్రాములకు రోజుకు పది గోలీలు మింగాలి. గాఢత ఎక్కువున్న రకంలో ఒక్కో గోలీలో 840 దాకా ఉంటుంది, ధర ఎక్కువే గానీ అసలు మందు లెక్కన చూస్తే తేడా అంత ఉండదు. కాడ్ లివర్ ఆయిల్ గోలీలు ఇందుకు వాడకండి, వాటిలో విటమిన్ ఎ, డి కూడా ఉంటాయి, ఎక్కువ మింగితే విటమిన్ ఎ మోతాదు మించుతుంది. చేప ముట్టని వాళ్లకు నాచు నుంచి తీసిన నూనె గోలీలు దొరుకుతున్నాయి.

షుగర్ తగ్గుతుందా అంటే, తగ్గదు. ఒమేగా 3 వల్ల మూడు నెలల షుగర్ రీడింగ్ కిందికి వస్తుందని చెప్పడానికి ఆధారం లేదు. బ్రిటన్‌లో షుగర్ ఉన్న 15,480 మందికి ఏడేళ్లకు పైగా రోజుకు ఒక గ్రాము గోలీ ఇచ్చి చూశారు, 2018లో ఫలితం వచ్చింది, గుండెపోటు, పక్షవాతం లాంటివి ఏమీ తగ్గలేదు. ట్రైగ్లిజరైడ్స్ సంగతి వేరు. ఈపీఏ, డీహెచ్‌ఏ రోజుకు నాలుగు గ్రాముల మోతాదులో అవి ఇరవై ముప్పై శాతం తగ్గుతాయి, ఇది గట్టిగా తేలిన విషయం, అవిసె నూనెతో మాత్రం అలా తేలలేదు. కానీ నాలుగు గ్రాములంటే అది డాక్టరు రాయాల్సిన మందే. శుద్ధి చేసిన ఈపీఏ ఒక్కటే నాలుగు గ్రాములు ఇచ్చిన ఒక పెద్ద పరీక్షలో గుండె ప్రమాదాలు నాలుగో వంతు తగ్గాయి, ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి ఇచ్చిన ఇంకో పరీక్షలో ఏమీ తగ్గలేదు, 2020 నుంచి డాక్టర్లలోనే దీని మీద వాదన నడుస్తోంది. పెద్ద మోతాదుల్లో గుండె లయ తప్పే జబ్బు కొంచెం ఎక్కువగా కనిపించింది కూడా. ఇంత చర్చ ఉన్న విషయాన్ని నూనె కౌంటర్ దగ్గర "గుండె బ్లాకులు" అని ఒక్క ముక్కలో రాసేయడం నాకు అసలు నచ్చలేదు.

తినేవాళ్లకు గోలీల కన్నా ముందు చేపే. మనకు చెరువులకు కరువు లేదు, పాఖాల, రామప్ప, లక్నవరం, ధర్మసాగర్, ఎటు చూసినా నీళ్లే, మార్కెట్‌లో రవ్వ, బొచ్చె, కొర్రమీను దండిగా దొరుకుతాయి. అవి మంచి తిండే, ఒమేగా 3 మాత్రం కొంచెమే. ఎక్కువ ఉండేది సముద్రపు కొవ్వు చేపల్లో, కవ్వలు, కానగంతల్లాంటి వాటిలో. చవక చేప అని చిన్నచూపు చూస్తారు గానీ వంద గ్రాముల కవ్వల్లో ఈపీఏ, డీహెచ్‌ఏ కలిపి గ్రాము పైనే రావచ్చు. కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి, పొద్దున్నే వెళ్లి కన్ను తేటగా ఉన్నదీ, పొట్ట గట్టిగా ఉన్నదీ చూసి తీసుకోండి. వారానికి రెండుసార్లు, పులుసు పెట్టుకుని తినండి. మూకుట్లో వేపుడు చేస్తే చేపలో మంచి కొవ్వు కొంత నూనెలోకి పోతుంది, మూకుట్లో నూనె చేపలోకి వస్తుంది.

ఇంకొకటి కూడా రాయాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. గంగవాయిలి కూర. పొలం గట్ల మీద తనంతట తాను మొలిచేది, పది రూపాయలకు కట్ట ఇచ్చేది. ఆకుకూరల్లో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఎక్కువున్న వాటిలో అది ముందు వరసలో ఉంటుంది. అవిసెతో పోలిస్తే తక్కువే, కానీ పప్పులో వేస్తే ఇంటిల్లిపాదీ తింటారు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం తగ్గించాలి, రాళ్లకు దారితీసే ఆక్సలేట్లు అందులో ఎక్కువ.

మళ్లీ షాపు దగ్గరికి వస్తే, రెండోసారి వెళ్లినప్పుడు ఆ అన్నతో కూర్చుని మాట్లాడాను. "అన్నా, నువ్వు పల్లి నూనె, నువ్వుల నూనె మంచిగ తీస్తవు, దాంట్ల నాకు డౌట్ లేదు. గోలీలు బందు పెట్టుమని మాత్రం ఎవ్వరికి చెప్పకు. ఈ గోలీ ఆపితే వేళ్లు వంకర పోతయి, మళ్ల సక్కగ కావు" అన్నాను. "నేను సొంతంగ చెప్తలేను మేడం, వీడియోల చూసిన" అన్నాడు. తిట్టలేదు, మొహం మాడ్చుకోలేదు, చివరిదాకా విన్నాడు. తేదీ లేని సీసా గురించి అడిగితే, ఆర్డర్ ఇస్తే అప్పటికప్పుడు తీసి ఇస్తానన్నాడు. వేడి మిషన్ గురించి మాత్రం జవాబు లేదు. గోడ మీద బోర్డు ఇంకా అలాగే ఉంది. సీసా వెనక్కి తీసుకోలేదు, డబ్బుకి బదులు గింజలు ఇస్తానన్నాడు, తీసుకున్నాను, అవే బాగున్నాయి.

అమ్మ గురించి అడుగుతారేమో. గోలీలు ఏవీ ఆపలేదు. కీళ్ల వాతం చూసే డాక్టరును (రుమటాలజిస్టు) అడిగి, ఆయన చెప్పిన మోతాదులో గాఢత ఎక్కువున్న చేప నూనె గోలీ మొదలుపెట్టాం, రోజూ మధ్యాహ్నం రొట్టెలోకి అవిసె కారం. పొద్దుటి బిగుతు ముందుకన్నా తొందరగా విడుతోందని అంటోంది. అదే సమయంలో డాక్టరు మెథోట్రెక్సేట్ మోతాదు కూడా మార్చారు, కాబట్టి ఇది చేప నూనె గొప్పే అని నేను చెప్పను.

నా రేటింగ్: పల్లి నూనె, నువ్వుల నూనె, ఆడించి ఇచ్చే పద్ధతికి అయిదుకి నాలుగున్నర. గింజలకు అయిదు, రాళ్లు, మట్టి లేవు. అవిసె నూనెకి ఒకటి. బోర్డుకి, కౌంటర్ దగ్గర వైద్యానికి సున్నా. వెళ్లేవాళ్లు పొద్దున పదిన్నర లోపు వెళ్లండి, అప్పుడు గానుగ తిరుగుతూ ఉంటుంది, తేరిన నూనె ఏ రోజుదో అడిగి తీసుకోవచ్చు. సొంత పల్లీలు ఆడించుకునేవాళ్లు ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, పండగల ముందు రద్దీ బాగా ఉంటుంది. అవిసె నూనె గురించి మాట వస్తే తీసిన తేదీ అడగండి, వెనక గది చూపించమనండి.